ఆ ఓటీపీ అడిగింది నేనే

నల్గొండలో బీకాం చదువుతున్న ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దని కోరింది. ఆరు పేజీల ఉత్తరంలో మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేసి, అంకెలు కొంచెం సవరించి సారం ఇస్తున్నాను.

తండ్రి మిర్యాలగూడ దగ్గర ఒక రైసు మిల్లులో గుమస్తా. రెండో సంవత్సరం పరీక్షలు అయ్యాక సెలవులు వృథా పోకూడదని, ఆ మిల్లు లెక్కలు చూసే అకౌంటింగ్ ఆఫీసు యజమానిని ఆయనే వెళ్లి అడిగి కూతురికి ఇంటర్న్‌షిప్ ఇప్పించాడు. మే మూడో వారం నుంచి ఆరు వారాలు. నల్గొండలో పెద్దమ్మ ఇంట్లో ఉండి రోజూ వెళ్లి వచ్చింది. జీతం లేదు, దారి ఖర్చులకు నెలకు రెండు వేలు ఇచ్చారు. యజమాని వారానికి రెండు రోజులే వస్తాడు. మిగతా రోజుల్లో ఆఫీసు నడిపేది పదకొండేళ్లుగా అక్కడ పనిచేస్తున్న ఒక సీనియర్. ఆయనను ఆమె ‘అన్న’ అని పిలుస్తుంది.

మొదటి నాలుగు వారాలు ఎంతో సంతోషంగా గడిచాయట. “బిల్లులు తేదీల వారీగా పేర్చడం దగ్గర మొదలుపెట్టి టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో పద్దులు ఎక్కించడం, బ్యాంకు స్టేట్‌మెంటుతో క్యాష్ పుస్తకం సరిచూడడం, జీఎస్టీలో కొనుగోలు బిల్లులను 2బీతో (అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితా) పోల్చి చూడడం దాకా అన్న పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. క్లాసులో రెండేళ్లు విన్నా తలకెక్కని బ్యాంకు రికన్సిలియేషన్ రెండు రోజుల్లో వచ్చేసింది. జ్వరం వచ్చిన రోజు మాత్రలు తెప్పించి ఇచ్చాడు, తన బండి మీద ఇంటి దగ్గర దింపి వెళ్లాడు” అని రాసింది.

జూన్ చివర్లో ఉద్యోగుల జీతం, అందులో కోసిన పన్ను చూపే ఫారం 16లు రావడంతో ఆదాయపు పన్ను రిటర్నుల పని మొదలైంది. అక్కడి నుంచి ఆమె మాటల్లోనే:

“నిరుటి రిటర్ను పక్కన పెట్టుకుని అలాగే ఎక్కించమన్నాడు. రాజకీయ పార్టీకి ఇచ్చిన విరాళం అని ఒక చోట ఉంటుంది. అక్కడ వేసిన మొత్తం పన్ను పడే ఆదాయంలోంచి తగ్గుతుంది. తేదీ, బ్యాంకు లావాదేవీ సంఖ్య, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ అడుగుతుంది. అన్న ఒక చీటీ మీద సంఖ్య రాసి ఇచ్చాడు. మొదటి ఆయనకు అది ఎక్కించాను. రెండో ఆయనకు కూడా అదే సంఖ్య వేసి, చివరి రెండు అంకెలు మార్చమన్నాడు. ఆ విరాళాలు ఎవరూ ఇవ్వలేదని అప్పుడు నాకు అర్థమైంది. మూడో ఫారం 16 మీద పేరు చూసి నా చేతులు ఆగిపోయాయి. జిల్లా పరిషత్ హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన సార్. నేను కామర్స్ తీసుకోవడానికి కారణం ఆయనే. అయినా రెండు లక్షల విరాళం ఎక్కించాను. ఫోన్ చేసి ఓటీపీ అడిగింది కూడా నేనే. నా గొంతు గుర్తుపట్టి సార్ ఎంత సంతోషపడ్డారో. ‘నువ్వు చూస్తున్నావా బిడ్డా, అయితే నాకు భయం లేదు’ అంటూ ఆరు అంకెలూ చదివారు.”

రిఫండు వచ్చాక అందులో పదో వంతు ఆఫీసుకు ఇవ్వాలి. ఇంటర్న్‌షిప్ జులై మొదటి వారంలో ముగిసింది. కాలేజీలో ఇవ్వాల్సిన సర్టిఫికెట్ మీద యజమాని సంతకం ఇంకా కాలేదు. సార్‌కు చెప్పాలా వద్దా, చెబితే అన్నకు ద్రోహం చేసినట్టా, ఆ ఆఫీసు వల్ల నాన్న ఉద్యోగానికి ముప్పు వస్తుందా, ఈ వృత్తి అంతా ఇలాగే ఉంటే సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) కావాలన్న ఆశ వదులుకోవాలా అని అడిగింది. వారం రోజులుగా నిద్ర పట్టడం లేదని చివర రాసింది.

అమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పాలమూరు జిల్లా కాలేజీల్లో ముప్పై ఏళ్లకు పైగా కామర్స్ చెప్పినవాణ్ణి. పాఠం అయ్యాక అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, బల్ల దగ్గరకు వచ్చి అడిగిన పిల్లలా అనిపించావు. అందుకే ‘మీరు’ అనకుండా రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

సార్ రిటర్ను, అన్న మీద కృతజ్ఞత, నాన్న ఉద్యోగం, నీ చదువు. ఈ నాలుగింటినీ కలిపి ఒకే ముడి వేసుకున్నావు. ఒకటి లాగితే మిగతా మూడూ బిగుసుకుంటున్నాయి. వాటిని విడదీసి చూద్దాం.

ముందు నీ తప్పు సంగతి. అది ఎంత ఉందో అంతే చూద్దాం. మొదటి రిటర్ను తెలియక ఎక్కించావు. కొత్తగా చేరిన విద్యార్థి పెద్దవాళ్లు ఇచ్చిన అంకె ఎక్కించడం పనిలో భాగం. రెండోది ఎక్కిస్తుండగా తెలిసింది. మూడోది తెలిసే ఎక్కించావు. దాన్ని నేను తగ్గించి చెప్పను, నువ్వూ తగ్గించుకోలేదు. తప్పుడు రిటర్నుకు తెలిసి సహకరించడం చట్టంలో కూడా నేరమే. అయితే ఈ విషయంలో ఆదాయపు పన్ను శాఖ చూపు ముందుగా పడేది రిటర్ను ఎవరి పేరున ఉందో వాళ్ల మీద, ఇలాంటి రిటర్నులు గుట్టలుగా నింపి వాటా తీసుకునే మధ్యవర్తుల మీద. ఆరు వారాలు పని నేర్చుకోవడానికి వచ్చి, పైసా వాటా తీసుకోని విద్యార్థివి నువ్వు. రాత్రిళ్లు లేచి కూర్చుని ఊహించుకుంటున్న భయాలు నీ తప్పు కంటే చాలా పెద్దవి. వాటిని పక్కన పెట్టు. తప్పును మాత్రం పక్కన పెట్టకు, ఎందుకంటే దాన్ని సరిదిద్దే వీలు ఇంకా ఉంది.

నీ ఉత్తరంలో ఎక్కడా కనిపించని సంగతి ఒకటి చెబుతాను. ఆ రిటర్ను మీద అన్న పేరు లేదు. ఆఫీసు పేరు లేదు. నీ పేరూ లేదు. ఆరు అంకెలు చదివిన క్షణంలో ‘ఇందులో ఉన్నదంతా నిజం’ అని ధ్రువీకరించింది మీ సార్ ఒక్కరే. రేపు విరాళం రసీదు చూపమని నోటీసు వస్తే అది ఆయనకే వస్తుంది. ఆ నోటీసైనా ఆయన కంట పడుతుందా అన్నది ఇంకో ప్రశ్న. ఇలాంటి మధ్యవర్తులు గుట్టగా రిటర్నులు వేయడానికి తాత్కాలిక ఈమెయిళ్లు తెరిచి, తర్వాత వదిలేయడం వల్ల నోటీసులు ఎవరూ చదవకుండా పడి ఉంటున్నాయని శాఖే చెప్పింది. సార్ ఈ-ఫైలింగ్ ఖాతాలో ఎవరి ఫోన్ నంబరు, ఎవరి ఈమెయిలు ఉన్నాయో నువ్వు చూసే ఉంటావు, గుర్తు చేసుకో.

ఇది ఎప్పుడో ఎక్కడో జరిగే వ్యవహారం కాదు. 2025 జులై 14న శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు చేసింది ఇలాంటి తప్పుడు మినహాయింపుల మీదే. అంతకు ముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది తమంతట తామే రిటర్నులు సరిచేసుకుని, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని అప్పుడే ప్రకటించింది. లావాదేవీ సంఖ్య, బ్యాంకు కోడ్ అడగడం మొదలుపెట్టింది కూడా సరిపోల్చి చూడడానికే. చివరి రెండు అంకెలు మార్చి అల్లిన సంఖ్య ఏ బ్యాంకు పుస్తకంలోనూ ఉండదు.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకో. నువ్వు రాసిన అంకెలనే కొంచెం సవరించి నేను లెక్క వేశాను, నువ్వు కూడా వెయ్యి. సార్ జీతం 2025-26లో 14 లక్షలు. సొంత ఇల్లు, గృహ రుణం లేదు. జీపీఎఫ్ (ప్రభుత్వ ఉద్యోగుల భవిష్య నిధి), బీమా కలిపి లక్షన్నర పొదుపు. ఆయన ఎప్పటిలాగే, పొదుపు, విరాళం లాంటి మినహాయింపులు చూపే పాత పన్ను విధానంలో ఉండిపోయారు. వృత్తి పన్ను లాంటి చిన్నవి వదిలేద్దాం. జీతగాళ్లందరికీ ఉండే స్టాండర్డ్ డిడక్షన్ 50,000, పొదుపు 1,50,000 తీసేస్తే 12 లక్షలు మిగులుతుంది. దాని మీద నాలుగు శాతం సెస్‌తో కలిపి పన్ను 1,79,400. జీతంలో కోసింది ఇంతే. రెండు లక్షల అబద్ధపు విరాళం చూపితే పన్ను 1,17,000కు దిగుతుంది. రిఫండు 62,400. అందులో ఆఫీసు వాటా 6,240.

అది పట్టుబడితే 62,400 తిరిగి కట్టాలి. తప్పుడు సమాచారంతో ఆదాయం తక్కువ చూపినందుకు దాని మీద 200 శాతం జరిమానా పడవచ్చు, అంటే 1,24,800. రెండూ కలిపి 1,87,200. వడ్డీ వేరు. ఆఫీసు తీసుకున్న 6,240 మాత్రం సార్‌కు తిరిగి రాదు.

ఇంతవరకు నువ్వు ఊహించే ఉంటావు. ఇక ఇది చూడు. అదే జీతాన్ని, మినహాయింపులు దాదాపు లేకుండా రేట్లు తక్కువగా ఉండే కొత్త పన్ను విధానంలో పెట్టు. 14 లక్షల్లో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 13,25,000. మొదటి 4 లక్షల మీద పన్ను లేదు. తర్వాతి 4 లక్షల మీద 5 శాతం, 20,000. ఆ తర్వాతి 4 లక్షల మీద 10 శాతం, 40,000. మిగిలిన 1,25,000 మీద 15 శాతం, 18,750. మొత్తం 78,750, సెస్‌తో 81,900. జీతంలో కోసింది 1,79,400 కాబట్టి న్యాయంగా ఆయనకు రావాల్సిన రిఫండు 97,500.

అబద్ధం ఆడితే 62,400 వచ్చే చోట నిజం చెబితే 97,500 వస్తుంది. ఈ లెక్క తేలినప్పుడు నాకు కోపం కంటే బాధ ఎక్కువ కలిగింది. నిరుటి రిటర్ను పక్కన పెట్టుకుని అలాగే దింపేయడం అలవాటైన చోట, ఈ నాలుగు వరుసల లెక్క ఎవరూ వేయలేదు. మీ సార్‌ను జీవితాంతం భయపెట్టగల ఒక అబద్ధం అసలు ఎవరికీ అక్కరలేని అబద్ధం. అందరి విషయంలో ఇలా ఉండదని గుర్తుంచుకో. గృహ రుణం వడ్డీ, ఇంటి అద్దె మినహాయింపు పెద్దగా ఉన్నవాళ్లకు పాత విధానమే మేలు కావచ్చు. మిగతా ఇద్దరివీ ఎవరి లెక్క వాళ్లకు విడిగా వేసి చూడాలి.

వేసిన రిటర్నును సరిచేయవచ్చా అంటే, సవరించిన రిటర్ను వేయవచ్చు. రిటర్నులు వేయడానికి జులై 31 గడువు ఇంకా దాటలేదు కాబట్టి విధానం మార్చుకోవడానికి కూడా చిక్కు లేదు. మా నాన్నగారు నారాయణపేటలో ఒక చీరల కొట్టులో చిట్టా రాసేవారు. పద్దు తప్పు పడితే బ్లేడుతో గీకడం ఆయనకు గిట్టేది కాదు. గీకిన చోట కాగితం పలచబడుతుంది, దీపానికి ఎదురుగా పట్టుకుంటే తెలిసిపోతుంది. ఆయన తప్పు అంకె మీద ఒకే గీత గీసేవారు, పాత అంకె చదవడానికి వీలుగా అలాగే కనిపించేది. పైన సరైన అంకె రాసి, పక్కన పొడి అక్షరాల సంతకం పెట్టేవారు. మీ నాన్న కూడా మిల్లులో ఇలాగే రాస్తూ ఉంటాడు, చూసే ఉంటావు. సవరించిన రిటర్ను కూడా ఇంతే. పాతది చెరిగిపోదు, పక్కన సరైనది వచ్చి చేరుతుంది. శాఖ అడగకముందే తనంతట తాను దిద్దుకున్న మనిషికీ, పట్టుబడిన తర్వాత దిద్దుకున్న మనిషికీ చాలా తేడా ఉంటుంది.

ఇక నీ ముందున్న దారులు. ఒక్కోదానిలో ఏమి పోతుందో, ఏమి మిగులుతుందో చెబుతాను.

ఏమీ మాట్లాడకుండా సర్టిఫికెట్ తీసుకుని వచ్చేయవచ్చు. చాలామంది చేసేది అదే, అలా చేసినవాళ్లను నేను చెడ్డవాళ్లు అనను. సర్టిఫికెట్ వస్తుంది, నాన్నకు ఇబ్బంది ఉండదు, అన్నతో మాట పోదు. కానీ సార్ రిటర్ను అలాగే ఉంటుంది, గడువు దాటుతుంది, వచ్చే ఏడు మళ్లీ అదే కాగితం చూసి ఇంకొకరు ఎక్కిస్తారు. ఎప్పుడైనా బజారులో సార్ ఎదురైతే నువ్వు పక్క సందులోకి తిరిగిపోతావు. నీ ఉత్తరం చదివాక, ఈ దారి నీకు కుదరదని నాకు అనిపిస్తోంది.

రెండోది, అన్నతోనే మాట్లాడడం. నువ్వు ద్రోహం అన్న మాట వాడావు. ఆయనకు చెప్పకుండా ఆయన వెనక మాట్లాడితే అది నీ మనసును తప్పకుండా కోస్తుంది. ఆయన నేర్పిన విద్య నిజం, మాత్రలు తెప్పించింది నిజం, చీటీ రాసి ఇచ్చిందీ నిజం. ఒకే మనిషి చేసిన ఈ పనుల్లో ఒకటి ఇంకొకదాన్ని కొట్టివేయదు, నువ్వు కూడా కొట్టివేయనక్కరలేదు. పదకొండేళ్లుగా ఆ కుర్చీలో ఉన్న మనిషికి ఈ పద్ధతి ఎవరు అలవాటు చేశారో, వచ్చిన వాటాలో ఆయనకు దక్కేది ఎంతో ఆలోచించు. అందుకే తప్పు పట్టడానికి వచ్చినట్టు వెళ్లకు. లెక్క వేసిన కాగితం తీసుకుని వెళ్లు. “అన్నా, సార్‌ది కొత్త విధానంలో వేసి చూశాను. విరాళం లేకుండానే ఎక్కువ వస్తోంది. జులై 31 లోపు సవరించి వేద్దామా?” అని అడుగు. ఇది నువ్వు ఆయన దగ్గరే నేర్చుకున్న పని. ఆయన సరే అంటే ఒక రిటర్ను సరి అవుతుంది, తర్వాత మిగతా ఇద్దరి గురించి మాట్లాడడానికి నోరు వస్తుంది. ‘నీకెందుకు ఇవన్నీ’ అని కసిరితే మనసు నొచ్చుకుంటుంది, సర్టిఫికెట్ ఆలస్యం కావచ్చు. అయినా ఆయనకు ముందు చెప్పావన్నది మిగులుతుంది.

మూడోది యజమానికి చెప్పడం. వారానికి రెండు రోజులు వచ్చే మనిషికి ఇది తెలిసి జరుగుతోందా, తెలియక జరుగుతోందా అన్నది నీ ఉత్తరం బట్టి తేలడం లేదు. తెలియకపోతే చెప్పినందుకు నీకు రుణపడాలి, ఎందుకంటే బోర్డు మీద ఉన్నది ఆయన పేరు. ఆయన సీఏ అయితే సీఏలను నియంత్రించే సంస్థకు కూడా జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. తెలిసే జరుగుతుంటే సర్టిఫికెట్ మీద, నాన్న మీద ప్రభావం పడే దారి ఇదే. పైగా అన్నను దాటి ముందుగా ఇక్కడికి వెళితే, తప్పంతా ఆయన ఒక్కడి మెడకు చుట్టి పంపించేసే ప్రమాదం ఉంది. అందుకని దీన్ని మొదటి అడుగుగా పెట్టుకోవద్దనే నా అభిప్రాయం.

శాఖకు ఫిర్యాదు చేసే వీలూ ఉంది. పన్ను ఎగవేత మీద ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ పోర్టల్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. అది నీ హక్కు. కానీ ఆ ఫిర్యాదుతో విచారణ మొదలైతే సార్‌కు తనంతట తాను దిద్దుకునే అవకాశం చేజారిపోవచ్చు. ముందు దిద్దుకునే సమయం ఇచ్చి, ఎవరూ కదలకపోతే, ఇది ఊరందరి రిటర్నుల్లో సాగుతుంటే, అప్పుడు ఆలోచించాల్సిన దారి.

మిగిలింది సార్‌కు చెప్పడం. నిన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతున్నది ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. ముందుగా నువ్వు సిద్ధపడాల్సింది ఒకటుంది. సార్‌కు తెలిసే ఉండవచ్చు. నిరుడు కూడా ఇలాగే రిఫండు వచ్చిందన్నావు. తాను ఏ పార్టీకీ విరాళం ఇవ్వలేదని ఆయనకు తెలియకుండా ఉండదు. రిటర్ను లోపల ఏమి రాశారో చూడకుండా, ‘ఆఫీసువాళ్లు ఏదో చేసి తెప్పిస్తారు’ అని ఊరుకుని ఉండవచ్చు. స్టాఫ్ రూములో ఒకరిని చూసి ఒకరు ఇవే ఆఫీసులకు కాగితాలు పంపడం నేనూ చూశాను. నువ్వు చెబితే ఆయన చిన్నబుచ్చుకోవచ్చు, ‘అందరూ చేసేదే కదా బిడ్డా’ అనవచ్చు. అలా అంటే నీకు ఏడుపు వస్తుందని తెలుసు. లెక్కలు చెప్పిన సార్ మీద పెట్టుకున్న గౌరవం ఆ ఒక్క మాటతో కూలిపోనివ్వకు. మనిషి ఒక చోట ఏమరుపాటుగా ఉన్నంత మాత్రాన నీకు నేర్పిన భిన్నాలు, శాతాలు తప్పయిపోవు. ఆయనే నేర్పిన శాతాలతో వేసిన లెక్కను ఆయన ముందు పెడుతున్నావు, అంతే.

తెలియకపోతే మాత్రం, చెప్పకపోవడం ఆయనకు పెద్ద అన్యాయం. ‘నువ్వు చూస్తున్నావా, అయితే నాకు భయం లేదు’ అన్నది ఆ ఆఫీసును చూసి కాదు, నిన్ను చూసి. నిరుటి రిటర్ను సంగతి కూడా ఆయన చెవిన వేయి. గడిచిన ఏళ్లకు అప్‌డేటెడ్ రిటర్ను అని ఒకటి ఉంది, దాని గడువును 2025లో నాలుగేళ్లకు పెంచారు. తీసుకున్న రిఫండుతో పాటు వడ్డీ, ఆలస్యాన్ని బట్టి 25 నుంచి 70 శాతం దాకా అదనపు పన్ను కట్టాలి. అది వేయాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం, ఆ బరువు నువ్వు ఎత్తుకోకు. మిగతా ఇద్దరు నీకు తెలియనివాళ్లు. వాళ్లకు నేరుగా ఫోన్ చేయడం కంటే అన్న ద్వారా, కుదరకపోతే యజమాని ద్వారా వెళ్లడమే మంచిది. వాళ్ల కాగితాలు ఆఫీసును నమ్మి ఇచ్చినవి.

నాన్న గురించి నా ఆలోచన వేరు. వీళ్లెవరితో మాట్లాడకముందే నాన్నతో మాట్లాడు. ఆయన ఉద్యోగానికి ముప్పు వస్తుందేమో అని నువ్వు ఒక్కదానివే గదిలో కూర్చుని లెక్కలు వేస్తున్నావు. ఆ ముప్పు ఎంత నిజమో మిల్లులో ఇన్నేళ్లుగా ఉన్న ఆయనకు నీ కంటే బాగా తెలుసు. ఆడిటర్ ఆఫీసులో కుర్రపిల్ల అడిగిన మాటకు గుమస్తాను తీసేసే యజమానా, కాదా అన్నది ఆయన ఒక్క నిమిషంలో చెప్పగలడు. ‘ఊరుకో బిడ్డా, మనకెందుకు’ అని కూడా అనవచ్చు. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకు. అప్పుడు యజమాని దాకా వెళ్లకుండా, సార్‌కు ఒక్కరికి చెప్పి ఆగిపోవచ్చు. సార్ తన రిటర్ను తానే, లేదా వేరే చోట, సవరించుకుంటే ఆఫీసుతో నీకు మాట పట్టింపు రాకుండానే ముఖ్యమైన పని అయిపోతుంది. నాన్న కాపాడాలనుకునేదీ, నువ్వు కాపాడాలనుకునేదీ రెండూ నిలిచే దారి అదే కావచ్చు.

సర్టిఫికెట్ రాకపోతే కొంప మునగదు. మీ విభాగాధిపతిని కలిసి, ఆరు వారాలు హాజరయ్యాను, సంతకం ఆలస్యమవుతోంది, వేరే అంశం మీద ప్రాజెక్టు చేయవచ్చా అని అడుగు. మీ ఊళ్లో మహిళా పొదుపు సంఘం పుస్తకాలు తీసుకుని, మూడేళ్ల జమా ఖర్చులు, అప్పుల వసూళ్లు రాసినా మంచి ప్రాజెక్టే అవుతుంది. మిల్లులో నాన్న రాసే ధాన్యం, బియ్యం, తవుడు నిల్వల లెక్క ఒక్కటి చాలు నలభై పేజీలు రాయడానికి, మిల్లు యజమాని ఒప్పుకుంటే. ఇంటర్న్‌షిప్ డైరీలో బిల్లుల పని, రికన్సిలియేషన్, జీఎస్టీ పని వివరంగా రాయి. అవి నువ్వు నిజంగా నేర్చుకున్నవి. రిటర్నుల దగ్గర ‘ఫారం 16 చదవడం, రెండు పన్ను విధానాల్లో లెక్క పోల్చడం’ అని రాస్తే చాలు. ఈ వారంలో నువ్వు ఆ పోలిక వేస్తావు కాబట్టి అదీ అబద్ధం కాదు. ఖాతాదారుల పేర్లు ఎక్కడా రాయకు. ఆ చీటీ ఫొటో నీ ఫోన్లో ఉందన్నావు, దాన్ని స్నేహితులకు పంపకు. ఖాతాదారుల పాస్‌వర్డులు నీ నోటుబుక్కులో ఉంటే ఆ పేజీలు చించి పారేయి.

సీఏ సంగతి. నువ్వు చూసింది ఒక ఆఫీసు, అందులోనూ ఒక వారం పని. అదే ఆఫీసులో మిగతా అయిదు వారాలు చూసింది కూడా ఈ వృత్తే. కొనుగోలు బిల్లును 2బీతో పోల్చి తేడా పట్టుకున్నప్పుడు ఎంత సంతోషం వేసిందో అర పేజీ రాశావు, ఆ అర పేజీ నేను మర్చిపోలేదు. డిగ్రీలో 55 శాతం మార్కులు తెచ్చుకుంటే కామర్స్ విద్యార్థులు మొదటి మెట్టు అయిన ఫౌండేషన్ పరీక్ష రాయకుండా నేరుగా సీఏ ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. ఆర్టికల్‌షిప్, అంటే సీఏ చదువులో భాగంగా ఒక సీఏ దగ్గర పొందే శిక్షణ, ఇదివరకు మూడేళ్లు ఉండేది, 2023 నుంచి రెండేళ్లే. ఆ రెండేళ్లూ ఎవరి దగ్గర చేస్తావన్నది నీ చేతిలో ఉంటుంది. చేరే ముందు అక్కడ పనిచేస్తున్న ఇద్దరు ముగ్గురు ఆర్టికల్ విద్యార్థులతో మాట్లాడు. రిటర్ను వేసేటప్పుడు మినహాయింపులకు రసీదులు తీసుకుంటారా అని అడుగు. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో ఆ ఆఫీసు ఎలాంటిదో నీకు తెలిసిపోతుంది. ఇప్పుడు నీకు ఆ ప్రశ్న అడగడం వచ్చు.

నీ చోట నేనుంటే ఈ ఆదివారం మిర్యాలగూడ వెళ్లి నాన్నతో కూర్చుంటాను, సోమవారం కాగితం పట్టుకుని అన్న దగ్గరకు వెళతాను, ఆయన ఏమన్నా సరే ఆ వారంలోనే సార్ ఇంటికి వెళతాను. ఇవి నా అడుగులు. నాన్నతో మాట్లాడాక నీ అడుగులు వేరుగా పడితే అలాగే వెయ్యి, ఒక్క జులై 31 మాత్రం చేజారనివ్వకు.

సార్‌తో ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చుని మాట్లాడు. లెక్క వేసిన కాగితం ఆయన చేతికి ఇచ్చి, ఒక్కో వరుసా ఆయననే చదవనివ్వు. రిటర్ను సవరించే రోజు ఆయన ఫోనుకు మళ్లీ ఆరు అంకెలు వస్తాయి. ఈసారి అవి అడగకముందే, దేనికి అడుగుతున్నావో ఆయనకు చెప్పు.